బెంజమిన్ కుట్టిన బ్యాలే జోడు

బెంజమిన్ తోలు కోసే రంపె మొనను శాటిన్ గుడ్డ అంచు కింద పెట్టి కుట్లు ఒక్కొక్కటే తెంపుతున్నాడు. తొందరపడితే గుడ్డ చిరుగుతుంది. చిరిగితే ఏ కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియకుండా పోతుంది. ఒక చెప్పును ఎలా చేశారో తెలుసుకోవాలంటే, చేసిన వరసకు తలకిందులుగా విప్పుకుంటూ పోవాలి. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. పన్నెండేళ్లప్పుడు ఒక పోలీసు బూటు విప్పి తిరిగి కుట్టలేక తండ్రి చేత దెబ్బలు తిన్ననాడు చేతికే తెలిసింది.

ఇప్పుడు చేతిలో ఉన్నది గులాబి రంగు బ్యాలే జోడులో ఎడమ కాలిది. బ్యాలే అనేది యూరపు దేశాల నాట్యమనీ, అందులో ఆడపిల్లలు కాలివేళ్ల కొసల మీద నిలబడతారనీ, అందుకు ముందుభాగం దిమ్మెలా గట్టిగా ఉండే చెప్పు కావాలనీ అతనికి తెలిసి ఏడాదిన్నర అయింది. కూతురు లిడియా చెప్పింది. ఈ జోడు లిడియాకు నేర్పే షాహీన్ మేడం వాడి వాడి పక్కన పెట్టినది. "చూసుకో, దాచుకో, కాలికి మాత్రం పెట్టకు" అని లిడియాకు ఇచ్చింది.

కరీంనగర్ బస్టాండు వెనక సందులో బెంజమిన్ దుకాణం. పక్కన ముత్యం చాయ డబ్బా. ముత్యం గ్లాసు తెచ్చిపెట్టి తొంగిచూశాడు.

"ఏంది బెంజమిన్, గిది చెప్పా, పెండ్లిపిల్ల రైకనా?"

"చెప్పే."

"మరి లోపల గోనెగుడ్డ ఉన్నదేంది? పైన పట్టు, లోపల గోనె. అచ్చం మా బావమర్ది తీరున్నది."

బెంజమిన్ ఇంకో పొర విప్పాడు. శాటిన్ కింద గోనెగుడ్డ, గోనె కింద కాగితం, కాగితానికీ కాగితానికీ నడుమ ఎండిన మైదాపిండి లై. అరికాలి కింద ఉన్నది తోలు కూడా కాదు, వట్టి అట్ట. దాన్ని వేళ్ల మధ్య పెట్టి వంచితే వంగిపోయింది.

"గింతేనా?" అన్నాడు తనలో తాను. "కాగితం మీద నిలబెడుతుండ్రా పిల్లల్ని?"

బెంజమిన్ తండ్రి యేసుదాసు గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుల బూట్లు బాగుచేసేవాడు. బాయి బూటు ముందుభాగంలో ఇనుప టోపీ ఉంటుంది, రాయి పడ్డా వేళ్లు నలగకుండా. అడుగున ఇనుప పట్టీ ఉంటుంది, మేకు దిగకుండా. ఆ బూట్ల మధ్య పెరిగినవాడికి చెప్పంటే కాలికి కాపలా. కాలు నొస్తున్నదని ఎవరైనా వస్తే యేసుదాసు ఆ మనిషిని ఒక్క మాట అడిగేవాడు కాదు, బూటు అందుకుని తిరగేసేవాడు. "కాలు తప్పు చెయ్యదిరా, చెప్పే తప్పు చేస్తది. గిరాకీ కాలుకు ఎన్నడు వంక పెట్టకు" అని కొడుకుకు నేర్పాడు. బెంజమిన్ ముప్ఫై ఏళ్లు ఆ మాట మీదే బతికాడు. జిల్లాలో ఏ మూల నుంచైనా, వంకర పాదాలతో, చక్కెర రోగం పుండ్లతో వచ్చేవాళ్లకు అతను కుట్టిన చెప్పు సరిపోయేది. ఎలా చేశావని అడిగితే చెప్పడం చేతకాదు. చేసి చూపించేవాడు.

లిడియా ఆ నాట్యంలోకి వెళ్లింది తల్లి వెంట. మగ్దలేనమ్మ మంకమ్మతోటలో ఒక మూడంతస్తుల భవనం ఊడ్చి తుడిచే పని చేస్తుంది. కింద రెండు అంతస్తులు కోచింగ్ సెంటర్, పైన షాహీన్ క్లాసు. షాహీన్ జగిత్యాల మనిషే. తండ్రి ఉద్యోగం వల్ల ముంబైలో పెరిగి, ఏడేళ్లప్పటి నుంచి బ్యాలే నేర్చి, పెళ్లయ్యాక కరీంనగర్ వచ్చింది. తొమ్మిదో తరగతి పరీక్షలయ్యాక లిడియా తల్లికి బకెట్లు మోయడానికి వెళ్లి, మెట్ల కమ్మీ పట్టుకుని, లోపలి పిల్లలు చేసినట్టు చేయడం మొదలుపెట్టింది. నాలుగో రోజున షాహీన్ బయటికి వచ్చి చూసింది.

"ఎన్నేండ్లు బేటా?"

"పద్నాలుగు."

"ఆలస్యమైంది. ఏడేండ్లకు మొదలుపెట్టేది." మళ్లీ ఆ పిల్ల పాదం వంపు చూసి, "ఆలస్యమైందంటున్న, కాదంటలేను. రోజు పొద్దుగాల అయిదున్నరకు రావాలె. ఒక్క దినం తప్పినా మళ్ల రావద్దు" అన్నది.

ఫీజు మాట ఎత్తలేదు. మగ్దలేనమ్మ దండం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపింది.

మొదటి వారం బెంజమిన్ చూడడానికి వెళ్లాడు. పాటలూ గెంతులూ ఉంటాయనుకున్నాడు. రెండు గంటలు పిల్లలు గోడకు బిగించిన పైపు పట్టుకుని మోకాళ్లు వంచి లేచారు, పాదాన్ని నేల మీద ముందుకు తోసి వెనక్కి లాగారు. వంద సార్లు. మళ్లీ వంద సార్లు. షాహీన్ చేతికర్రతో మడమ తట్టడం తప్ప పెద్దగా మాట్లాడలేదు. బెంజమిన్‌కు అది బాగా నచ్చింది. "గిది మన పని తీర్గనే ఉన్నది" అని భార్యతో అన్నాడు. ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే ఇంటి గోడకు ఇనుప పైపు బిగించాడు.

ఏడాదిన్నర లిడియా ఒక్క రోజు మానలేదు. వానాకాలం సైకిల్ మీద తడుస్తూ పోయేది. పదో తరగతి పరీక్షల్లో కూడా పోయి వచ్చింది. ఆమె పాదం మారుతుంటే బెంజమిన్ చూస్తూనే ఉన్నాడు. పాదాలు చూడడమే అతని వృత్తి. అరికాలి కింద కండ తాడులా పేనుకుంటున్నది.

అప్పుడే హైదరాబాద్ కబురు వచ్చింది. అక్కడి ఒక నాట్యశాల మూడేళ్ల పూర్తికాల శిక్షణకు ఆరుగురిని తీసుకుంటుంది. ఉండడం, తినడం, నేర్పడం అంతా వాళ్లే చూసుకుంటారు. డిసెంబరులో పరీక్ష. అప్పటికి పదహారు నిండకూడదు. లిడియాకు జనవరిలో నిండుతాయి. ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరుది.

"మెత్త చెప్పుల మీదనే చూపిస్తం" అన్నది షాహీన్. "కొసల మీదికి ఎక్కుడు ఇంక ఏడాది ఆగాలె. వాళ్లకు కండ్లున్నయ్, పాదం జూసి తీసుకుంటరు."

కానీ లిడియా ఫోన్‌లో పోయినేటి పరీక్ష వీడియో చూసింది. అందులో హైదరాబాద్ పిల్లలు, బెంగుళూరు పిల్లలు కొసల మీద నిలబడి తిరుగుతున్నారు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది, తినలేదు.

"ఏమైంది బిడ్డా?"

"వాళ్లందరు ఎక్కుతుండ్రు బాపు. నేనొక్కదాన్నే కింద నిలబడాలె. నన్నెందుకు తీసుకుంటరు?"

"జోడు లేకనా?"

"జోడు ఉన్నా మేడం ఎక్కనియ్యదు."

బెంజమిన్ రెండో మాట వినలేదు. జోడు లేకపోవడం అన్నచోటే అతని చెవి ఆగిపోయింది. జోడు లేకపోతే చేయాలి. మర్నాడు దుకాణంలో కూర్చుని షాహీన్ పాత జోడులో ఎడమదాన్ని విప్పింది అందుకే.

కాగితమూ లై చూశాక అతనికి ఒక సంగతి గుర్తొచ్చింది. ఒకసారి క్లాసు గుమ్మంలో నిలబడి చూస్తుంటే షాహీన్ కొత్త జోడు పెట్టెలోంచి తీసి, నేలకేసి కొట్టి, అరికాలి అట్టను రెండు చేతులా వంచి మెత్తబరిచింది. కొత్త చెప్పును ఎవరైనా విరగ్గొట్టుకుంటారా అని అప్పుడు అనిపించింది. ఇప్పుడు అర్థమైందనుకున్నాడు: నాసిరకం పని కాబట్టి అట్లా చేయాల్సి వస్తున్నది. మంచి పనివాడు చేస్తే ఆ అవసరం ఉండదు. షాహీన్‌ను అడిగితే రెండు నిమిషాల పని. అడగలేదు. చెప్పుల గురించి ఇంకొకరిని అడగడం అతనికి అలవాటు లేదు.

ఇరవై రోజులు పట్టింది. లిడియా పాదం కాగితం మీద గీసుకుని, వేపచెక్కతో ఆమె కాలి ఆకారంలో ఫర్మా చెక్కాడు. కాగితం బదులు పలచని తోలు పొరలు నానబెట్టి ఫర్మా మీద లాగి ఎండబెట్టాడు. అట్ట బదులు రెండు మందాల సోలు తోలు. మూడు జోళ్లు చెడిపోయాయి. నాలుగోది చెడిపోలేదు. వేళ్ల దగ్గర శాటిన్ మడతలు ఎంత సన్నగా తిప్పాడంటే, ముత్యం కూడా ఎగతాళి మానేసి, "నీ చేతికి దండం పెట్టాలెరా" అన్నాడు.

మగ్దలేనమ్మ మాత్రం జోడును దూరం నుంచే చూసింది.

"మేడం వద్దన్నది గద? ఆమెకు చెప్పిండ్రా?"

"చెప్తం. పని అయినంక చెప్తం. పని గాకముందే చెప్తే మాటలే మిగుల్తయ్."

"ఆమె పని ఆమెకు తెల్వదా?"

"చెప్పుల పని ఆమెకేం తెలుసు?"

అక్టోబరు మొదటి వారంలో, దుకాణం తెరవకముందు, లిడియా ఆ జోడు తొడుక్కుని షట్టరు పక్కన కమ్మీ పట్టుకుంది. ఒక్కసారిగా పైకి లేచింది. మడమలు నేలను వదిలి, పాదం మొత్తం నిటారై, పిల్ల రెండు అంగుళాల వెడల్పు మీద నిలబడింది. తండ్రి వైపు చూసి నవ్వింది. ఆమె కంటే బెంజమిన్‌కే ఎక్కువ సంతోషం కలిగింది. ముప్ఫై ఏళ్లు మనుషులు నేల మీద నడవడానికి కుట్టాడు. మొదటిసారి తన చెప్పు ఒక మనిషిని నేల మీంచి లేపింది.

ఆ రోజు నుంచి రోజూ క్లాసు అయ్యాక దుకాణానికి వచ్చి గంటసేపు ఎక్కేది. షాహీన్‌కు చెప్పలేదు. నెల పోయాక, కమ్మీ వదిలి నాలుగు అడుగులు వేయగలిగినాక, ఒకేసారి చూపించాలని ఇద్దరి ఆలోచన.

మూడు వారాలకు లిడియా కమ్మీ వదిలి కూర్చుండిపోయింది.

"బాపు, గీడ పొడుస్తుంది."

రెండో వేలి వెనక, పాదం పైభాగంలో చూపించింది. బెంజమిన్ బొటనవేలితో నొక్కితే అబ్బా అంది. అతను పాదం వదిలి జోడు అందుకున్నాడు. దీపం కింద పెట్టి వంచి చూశాడు. సరిగ్గా అక్కడే, రెండో వేలి వెనక, సోలు తోలు అలవాటుపడి వంగుతున్నది. తప్పు దొరికింది.

"చెప్పు వంగుతుంది బిడ్డా, అందుకే నొస్తుంది. రెండు దినాలాగు."

లిడియా మేడం ఎప్పుడో అన్న మాట ఒకటి చెప్పబోయింది: నొప్పి వస్తే ఆగి తనకు చెప్పాలని. బెంజమిన్ అప్పటికే వెనక గోనెసంచి కుమ్మరిస్తున్నాడు. తండ్రి కాలం నాటి బాయి బూట్లు అందులో ఉన్నాయి. ఒక జత బూట్ల అడుగులు కోసి, స్ప్రింగు ఇనుప పట్టీలు తీసి, అరగదీసి, అంచులు గుండ్రం చేసి, రెండు తోలు పొరల మధ్య పెట్టి కుట్టాడు. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. వంచబోతే వంగదు.

మూడో రోజు లిడియా ఎక్కింది.

"నొస్తుందా?"

"అంత లేదు బాపు."

ఇంతేగదా అనుకున్నాడు బెంజమిన్. పదిహేను రోజులు అలాగే గడిచాయి. కమ్మీ వదిలి నాలుగు కాదు, పది అడుగులు వేసింది.

నవంబరు మూడో వారంలో ఒక పొద్దున షాహీన్ భర్త ముకర్రం దుకాణానికి బండి మీద వచ్చాడు. లిడియా క్లాసులో పడిపోయిందని, ఆసుపత్రికి తీసుకుపోయారని చెప్పాడు. కొసల మీద కాదు. మెత్త చెప్పులతో, చిన్న పిల్లలు కూడా చేసే ఒక చిన్న గెంతు గెంతి, దిగినప్పుడు పడింది.

ఎక్స్‌రే దీపం ముందు పెట్టి డాక్టరు రెండో వేలి వెనక సన్నటి గీత చూపించాడు. "ఇది ఇయ్యాల విరిగింది కాదు. నెల నుంచి కొద్దికొద్దిగా పగులుతున్నది. ఇయ్యాల పూర్తిగా విరిగింది. నొప్పి ఉండే ఉంటది, ఎవ్వలకు చెప్పలేదా?"

షాహీన్ లిడియా వైపు చూసింది. "నా క్లాసుల గింత పని నేను ఇయ్యలే. ఏం చేసినవ్ బేటా?"

లిడియా గోడ వైపు తిరిగి పడుకుంది. తండ్రి పేరు రావద్దని ఆ పిల్ల నోరు మూసుకుందని బెంజమిన్‌కు తెలిసింది. అక్కడే చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేకపోయాడు. డిసెంబరు పరీక్షకు ఎన్ని రోజులున్నాయో లెక్కపెడుతున్నాడు. ఇరవై మూడు. కట్టు ఆరు వారాలుంటుందని డాక్టరు అన్నాడు. ఆ రెండు అంకెలూ అతని తలలో కుదరడం లేదు.

మర్నాడు జోడును పాత పేపరులో చుట్టుకుని మూడంతస్తులు ఎక్కాడు. క్లాసులో ఎవరూ లేరు. షాహీన్ నేల మీద కూర్చుని ఉంది. అతను జోడు ఆమె ముందు పెట్టాడు.

షాహీన్ జోడు చేతిలోకి తీసుకుంది. శాటిన్ మడతల మీద వేలు పెట్టి రాసింది. లోపల చేయి పెట్టి చూసింది. తర్వాత వంచబోయింది. వంగలేదు. రెండు చేతులా బలంగా పట్టింది. వంగలేదు.

"లోపల ఏమున్నది భాయ్?"

"ఇనుప పట్టీ. బాయి బూటుది."

"యా అల్లా." జోడు నేల మీద పెట్టేసింది. "ఎప్పుడు పెట్టిండ్రు?"

"నొస్తుందన్నది. చెప్పు వంగుతుందని..."

"నొస్తుందన్నదా? మీకు చెప్పిందా?" షాహీన్ గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండునని అతనికి అనిపించింది. "వినుండ్రి. అసలు జోడుల అట్ట మెత్తగ ఎందుకుంటదో తెలుసా? పాదానికి బలం లేకుంటే ఆ చెప్పు నిలబెట్టది. కూలేస్తది. ఎవలు తయారుగున్నరో, ఎవలు లేరో ఆ చెప్పే చెప్తది. మీ జోడు తయారుగ లేని పాదాన్ని నిలబెట్టింది. తోలుదైతే నొప్పి ఎక్కువై వారానికే ఆగిపోతుండె పిల్ల. నాలుగు వారాలు కాలు ఆనకుంటే అతుకుతుండె. పట్టీ పెట్టి నొప్పి తెల్వకుండ చేసిండ్రు."

బెంజమిన్ జోడు చుట్టి తెచ్చిన పేపరు మడత పెట్టాడు.

"నన్నొక్క మాట అడగకపోయిండ్రా?"

అతని దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: అడగాలని తోచలేదు. వెళ్లబోతుంటే షాహీన్ ఆ జోడు చేతికి ఇస్తూ, "గింత మంచి చేతిపని నేను ముంబైల గూడ జూడలే" అన్నది. ఆ మాట తిట్టు కన్నా ఎక్కువ తగిలింది.

డిసెంబరు పరీక్ష లిడియా కాలు బల్ల మీద పెట్టుకుని ఉండగా జరిగిపోయింది. షాహీన్ హైదరాబాద్‌కు రెండుసార్లు ఫోన్ చేసి బతిమాలింది. వయసు నిబంధన మార్చలేమన్నారు. ఎముక అతికింది. కట్టు విప్పాక లిడియా మూడు నెలలు క్లాసుకు వెళ్లింది. తర్వాత మానేసింది. ఒక రోజు ఇంటి గోడకున్న పైపు మీద తువ్వాల ఆరేసింది. తర్వాత రోజూ అదే ఆరేసుకునే దండెం అయింది. ఇంటర్ అయ్యాక ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరింది. తండ్రితో బాగానే మాట్లాడేది: అన్నం తిన్నవా, మందుగోళీలు తెచ్చుకున్నవా. తగువు పెట్టుకోదు, అలగదు. ఇంటికి వచ్చిన పెద్దమనిషితో మాట్లాడినట్టు మాట్లాడేది. బెంజమిన్ మాత్రం ఆ జోడును పారేయలేదు, చూడనూ లేదు. గిరాకీ వచ్చి కాలు నొస్తుందంటే చెప్పు అందుకోబోయి ఆగి, "ఎన్ని దినాల సంది? డాక్టరుకు చూపెట్టినవా?" అని అడగడం మొదలుపెట్టాడు. ముత్యం ఎగతాళి చేశాడు, "ఇగ డాక్టరు గొట్టం గూడ మెడలేసుకో" అని. బెంజమిన్ అడగడం మానలేదు.

రెండేళ్లు గడిచాక, ఒక జూన్ నెలలో షాహీన్ దుకాణం ముందు దిగింది.

"భాయ్, పదకొండు జోళ్లు గావాలె. మెత్తయి. చిన్నపిల్లలకు, నేల మీద చేసేటందుకు. ఢిల్లీ కెల్లి తెప్పిస్తే సైజులు కుదురుతలేవు."

బెంజమిన్ చేతిలో తోలు కుట్టే ఆరె ఆగిపోయింది. "నా చేతుల మీద మీకింక నమ్మకమున్నదా మేడం?"

"చేతుల మీద ఎప్పుడు లేకుండె? చెవుల మీదనే లేకుండె."

ముత్యం అవతల కిసుక్కుమన్నాడు. బెంజమిన్ స్టూలు తుడిచి ఆమె ముందు వేశాడు.

"చెప్పుండ్రి. వింట."

గంటసేపు విన్నాడు. నడుమ మూడు ప్రశ్నలు వేశాడు. కాన్వాసు గుడ్డ ఎంత పలచన? అడుగు తోలు రెండు ముక్కలెందుకు? నడుమ ఖాళీ ఎందుకు వదలాలి? పాదం కింద నేల తెలియాలి, అందుకు. పిల్ల పాదం వంచితే ఏ కండ పనిచేస్తున్నదో టీచరుకు కనపడాలి, అందుకు. మొదటి నమూనా చేసి తీసుకుపోతే షాహీన్ వంచి చూసి, "ఇంక మందమే ఉన్నది" అని తిరిగి ఇచ్చింది. రెండోదీ తిరిగి వచ్చింది. కాలికి ఏ కాపలా లేని చెప్పు చేయడం ఎంత కష్టమో అతనికి ఆ వారం తెలిసింది. చేయి దానంతటదే ఇంకో పొర వేయబోతుంది, ఆపాలి. మూడో నమూనా షాహీన్ పిడికిట్లో నలిపితే కర్చీఫులా ముడుచుకుంది. "ఇగ గిట్ల చెయ్యుండ్రి" అన్నది.

పది జోళ్లు కుట్టాక, మిగిలిన కాన్వాసు పరిచి చూస్తే ఒక పెద్ద సైజు జోడుకు గుడ్డ ఉన్నట్టు తోచింది. లిడియా కొలత కాగితం చూడనక్కర లేదు. గుడ్డ మీద సుద్దతో గీసేశాడు. కత్తెర పెట్టి ఒక పక్క కత్తిరించాడు కూడా. అప్పుడు ఆగాడు. మళ్లీ అడగకుండానే చేస్తున్నాడు. కత్తెర పక్కన పెట్టి, దుకాణం ముత్యానికి అప్పజెప్పి ఇంటికి వెళ్లాడు.

లిడియా కాలేజీకి బయలుదేరుతూ జడ వేసుకుంటున్నది.

"ఏంది బాపు, గిప్పుడచ్చినవ్?"

"నిన్నొక మాట అడుగుదామని." గుమ్మంలోనే నిలబడ్డాడు. "నీకొక మెత్త జోడు కుడ్దామనుకుంటున్న. పెద్దగ ఏం గాదు. శనివారం శనివారం ఊకెనే పొయ్యి వస్తవని. నీకిష్టమైతేనే."

లిడియా జడ చివర రబ్బరు బిగించింది.

"వద్దు బాపు."

"కాలు ఇంక నొస్తుందా?"

"కాలు నొస్తలేదు." దువ్వెన గూట్లో పెట్టింది. "పొయినేడు ఒకపారి మేడం లేనప్పుడు పోయి అద్దం ముందట నిలబడ్డ. ఒంటికి అన్ని యాదికున్నయ్. చెయ్యబోతది, రాదు. గంతకంటె మొదలే ఏం నేర్వకపోతేనే మంచిగుంటుండె."

బెంజమిన్ తల ఊపాడు.

"నేను నిన్ను అడిగి ఉండాల్సింది బిడ్డా. నొప్పి అన్ననాడే, ఎంత నొస్తుంది, ఎన్ని దినాల సంది అని."

"అడిగినా నేను చెప్పకపోదును. నాకు గా పరీక్షకు పోవాల్నని ఉండె. నొస్తలేదనే చెప్తుంటి."

"నీకు పదిహేనేండ్లు. నువ్వట్లనే అంటవ్. పెద్దోళ్లం మేము అట్ల అనద్దు."

లిడియా బ్యాగు భుజాన వేసుకుంది. గుమ్మంలో తండ్రి పక్కనుంచి పోతూ ఆగి, అతని చేతి మీద అంటిన సుద్ద చూసింది. తన దుపట్టా చెంగుతో తుడిచింది. "లేటయితుంది బాపు, బస్సు పోతది" అని వెళ్లిపోయింది.

దుకాణానికి తిరిగి వచ్చి బెంజమిన్ ఆ గుడ్డ మళ్లీ పరిచాడు. పెద్ద సైజు గీత లోపల, ఆరేళ్ల పిల్ల కొలత పెట్టి కొత్త గీత గీశాడు. పదకొండో జోడు ఇంకా మిగిలే ఉంది. కత్తిరించినప్పుడు చుట్టూ ఒక వేలెడు వెడల్పు పట్టీ వేరైంది. దాన్ని చెత్తబుట్టలో వేసి కుట్టడం మొదలుపెట్టాడు.

శనివారం పొద్దున సంచి తనే మోసుకుని మూడంతస్తులు ఎక్కాడు. పదకొండు మంది పిల్లలు గోడవారన కాళ్లు చాపుకుని కూర్చున్నారు. షాహీన్ ఒక్కొక్క జోడు తీసి, వంచి, లోపల వేలు పెట్టి చూసి అతనికి ఇస్తుంటే, అతను నేల మీద కూర్చుని ఒక్కొక్క పిల్లకు తొడిగాడు. తొడిగిన ప్రతి పిల్లనూ అడిగాడు, "యాడనన్న వొత్తుతుందా?" ఒక పిల్ల చిటికెనవేలి దగ్గర అంది. అక్కడే కూర్చుని రెండు కుట్లు విప్పి వదులు చేశాడు. అందరికంటే చిన్నపిల్ల ఆఖరున తొడుక్కుని లేచి, అరికాలు నేల మీద రుద్ది చూసుకుంది.

"వొత్తుతుందా బిడ్డా?"

"లేదు తాతా."

షాహీన్ వరస చివరిదాకా లెక్కపెట్టింది.

"పదకొండు. అన్ని సరిపోయినయ్ భాయ్."

బెంజమిన్ ఖాళీ సంచి దులిపి, మడిచి చంకలో పెట్టుకున్నాడు. పిల్లలు పైపు దగ్గరికి పోయి నిలబడ్డారు.